నాలుగంగుళాల తరుగు

నేను ఒక కొలకర్రను. చూడగానే ఆరడుగులనుకుంటారు. కాదు, ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ నాలుగంగుళాల తేడా పట్టించుకోక ఒక పెద్దమనిషి పదిహేనేళ్ళు శాలువాలు కప్పించుకుని, చివరికి యాభైమంది ముందు బురదలో నిలబడి నీళ్ళు నమిలాడు. ఆ రోజు నా జన్మలోకెల్లా మంచి రోజు. పగబట్టడం పాములకే చేతనవునని మీరనుకుంటే టేకు కర్రల సంగతి మీకు తెలియదన్నమాట.

నన్ను చేసినవాడు కట్టోజు ఈశ్వరాచారి. హనుమకొండలో బస్టాండుకు పోయే దారిలో అతనికొక ఫోటో స్టూడియో ఉండేది. తండ్రీ తాతా అందరూ వడ్రంగులే. ఇతనొక్కడూ ఉలి వదిలి కెమెరా పట్టాడు. అయినా చేతిలోని పని ఎక్కడికి పోతుంది? అన్నగారింట్లో కిటికీ చట్రాలు చేయగా మిగిలిన టేకు ముక్క ఒకటి తెచ్చుకుని, స్టూడియో వెనక చిత్రిక పట్టి, గరకు కాగితంతో రుద్ది, వెంట్రుక వాసి తేడా లేకుండా ఆరడుగులకు కోశాడు. అడుగుకొక పట్టీ చొప్పున రంగు వేశాడు. కింద ఎరుపు, దాని మీద తెలుపు, మళ్ళీ ఎరుపు, అలా ఆరు పట్టీలు. నాలుగో పట్టీలో ఒక ముడి ఉంది. ఎన్ని పూతలు వేసినా తెల్లరంగులోంచి నల్లగా బయటికి చూసేది. మూడోసారి కూడా అది లొంగకపోయేసరికి ఈశ్వరాచారి బ్రష్షు కింద పెట్టి, "సరే, పుట్టుమచ్చ అనుకుంట తియ్" అన్నాడు.

వారంలో ఆరు రోజులు అతను మనుషుల్ని ఫోటోలు తీసేవాడు. గడ్డం పైకెత్తమనీ, కళ్ళు మూయవద్దనీ, కొత్త పెళ్ళికొడుకునైతే కాస్త నవ్వమనీ బతిమాలేవాడు. ఆదివారం వచ్చిందంటే ఈ బతిమాలుడు అక్కర్లేని రాళ్ళ దగ్గరికి పారిపోయేవాడు. కాకతీయుల కాలం గుళ్ళు ఆ చుట్టుపక్కల అడవుల్లో, చెలకల్లో ఎన్నో పడి ఉన్నాయి. బస్సు దిగి, కెమెరా పెట్టె భుజాన వేసుకుని, నన్ను చేత్తో పట్టుకుని నడిచేవాడు.

నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. ఫోటోలో స్తంభం ఎంత ఎత్తో తెలియాలంటే పక్కన తెలిసిన కొలత ఒకటి ఉండాలి. ఊళ్ళవాళ్ళు నేనుంటాను, నేనుంటాను అని ఎగబడేవాళ్ళు. మనుషులకు ఇదొక జబ్బు. గుడి ఎంత పాతదైతే దాని ముందు అంత వెడల్పుగా నవ్వుతారు. ఈశ్వరాచారి మాత్రం, "నువ్వు ఎంత పొడుగున్నవో వందేండ్ల తర్వాత ఎవలకు ఎరుక కాకా? కర్రయితే చెప్తది" అనేవాడు. నన్ను స్తంభాన్ని ఆనించి నిలబెట్టి, దారానికి సీసపు గుండు వేలాడదీసి, ఆ దారమూ నేనూ ఒక్క గీతగా కలిసేదాకా షట్టర్ నొక్కేవాడు కాదు. వెలుతురు కోసం గంటలు గంటలు కూర్చునేవాడు. గర్భగుడి చీకటిగా ఉంటే ఇంటి బీరువా అద్దం మరలు విప్పి తెచ్చి, వాకిట్లో ఎండను దాని మీద పట్టి లోపలికి మళ్ళించేవాడు. అతని భార్య రాజమణి అద్దం పోయిన బీరువా ముందు నిలబడి, "నా మొకం జూసుకునే అద్దం రాళ్ళకు జూపెడుతున్నవా?" అని ప్రతి ఆదివారం తగువు పెట్టుకునేది. ప్రతి ఆదివారం తనే ఆ అద్దాన్ని పాత చీరలో చుట్టి ఇచ్చేది.

అలాంటి మనిషి దగ్గర పుట్టాను నేను. ఇక రెండోవాడి సంగతి.

జయదేవరావు కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు. ఏదో దరఖాస్తుకు ఫోటో దిగడానికి స్టూడియోకు వచ్చి, గోడ మీద గుళ్ళ బొమ్మలు చూసి ఆగిపోయాడు. అప్పుడు ఏటికి అడ్డంగా ప్రాజెక్టు కడుతున్నారు. గొల్లెనకుర్తి అనే ఊరు, ఆ ఊరవతల ఉన్న ముక్కంటి గుడితో సహా రెండేళ్ళలో మునిగిపోతుందని అందరికీ తెలుసు. జయదేవరావు కుర్చీలోంచి లేచి ఈశ్వరాచారి భుజం మీద చెయ్యి వేశాడు.

"గుడి మునిగేలోగా పుస్తకం చేద్దాం చారీ. ఫోటోలు నీవి, రాత నాది. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి."

ఈశ్వరాచారి ఆ మాటను కళ్ళకద్దుకున్నాడు. తన పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశ అతనికి అంతకుముందు ఉందో లేదో నాకు తెలియదు. ఆ రోజునుంచి మాత్రం ఉంది. స్టూడియో బోర్డు మీద తన పేరుకేసి ఇంతకుముందు ఎన్నడూ చూడనివాడు, వీధిలోకి పోయి ఒకసారి తలెత్తి చూసుకొచ్చాడు.

మొదటి ప్రయాణంలో జయదేవరావు కూడా వచ్చాడు. అదీ మంచికే అయింది, ఇప్పుడు తలుచుకుంటే. మండపం కప్పు కింద తేనెతుట్టె ఒకటి వేలాడుతోంది. సరిగ్గా మంచి దూలం ముందు. ఈశ్వరాచారి, సాయంత్రం పొగ పెట్టేవాళ్ళను పిలుద్దామన్నాడు. జయదేవరావుకు సాయంత్రం దాకా ఓపికెక్కడిది? "ఆమాత్రం దానికి మనుషులెందుకయ్యా?" అంటూ నన్ను లాక్కుని తుట్టెను పొడిచాడు. తర్వాత జరిగింది చెప్పనక్కర్లేదు. నేలమీద రాళ్ళ సందులో నా కాలు ఇరుక్కుంది. నన్ను వదిలేసి పరిగెత్తినా బాగుండేది. భయంతో నన్ను పట్టుకునే పరిగెత్తబోయాడు. టక్కున విరిగాను. నా కింది ముక్కను రాళ్ళలోనే వదిలేసి, మిగిలిన నన్ను పొదల్లోకి విసిరేసి, ధోవతి ఎగ్గట్టుకుని పోయి ఏటిలో పడ్డాడు. రెండు రోజులు అతని ముఖం ఎవరూ గుర్తుపట్టలేదు.

ఈశ్వరాచారి నన్ను వెతికి తెచ్చాడు. చీలికలు లేచిన చివరను రంపంతో తిన్నగా కోసి, ఇనుప పొన్ను తొడిగాడు. కొలిచాడు. ఐదడుగుల ఎనిమిది. కింది ఎరుపు పట్టీ ఎనిమిది అంగుళాలే మిగిలింది. కొత్త కర్ర చేసుకోవచ్చుగా అని మీరడగవచ్చు. అతను దెబ్బతిన్నదాన్ని పారేసే రకం కాదు. నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దక్షరాలతో "కర్ర 5 అడుగుల 8 అంగుళాలు" అని రాసుకున్నాడు. సరిగ్గా తెలిసినంతవరకు ఏ పొడవైనా కొలతే కదా. పుస్తకంలోని బొమ్మలన్నీ నా కాలు విరిగాక తీసినవే.

ఆ తర్వాత రెండు వేసవులు మేమిద్దరమే. జయదేవరావు మళ్ళీ రెండుసార్లు వచ్చాడు, వచ్చినప్పుడల్లా నీడలో పడుకుని తాటిముంజలు తిన్నాడు. ఈశ్వరాచారి మాత్రం గుడిని ఇంచి ఇంచీ తీశాడు. నున్నగా తిప్పిన నల్లరాతి స్తంభాల మీద అరచేయి రాసి, "మా తాతలు చేసిన పని ఇది" అని ఎవరితోనో చెబుతున్నట్టు అనేవాడు. ఆ తాత ఎవరో, పేరేమిటో అతనికి తెలియదు, ఏ శాసనంలోనూ లేదు. నీళ్ళు మెట్ల మీదికి వచ్చిన ఆఖరి రోజున కెమెరాను చీలమండల లోతు నీళ్ళలో నిలబెట్టి చివరి బొమ్మ తీశాడు. మొత్తం రెండువందల పన్నెండు. అన్నిటిలోనూ నేనున్నాను. నా కింది పట్టీ గడ్డి దుబ్బుల్లోనో రాళ్ళ మధ్యనో దాక్కుని ఉంటుంది కాబట్టి, అది పొట్టిదని బొమ్మ చూసి చెప్పడం కష్టం.

నెగటివులన్నీ రేకుపెట్టెలో సర్ది జయదేవరావుకు అప్పగించాడు. నోట్‌బుక్ కూడా ఇవ్వబోయాడు. అతను పెట్టె పుచ్చుకుని, "నీ వడ్రంగి కొలతలు నాకెందుకు చారీ? బొమ్మల్లో కర్ర కనబడుతూనే ఉందిగా" అన్నాడు. ఈ ఒక్క మాటకు నేను అతనికి జీవితాంతం రుణపడి ఉంటాను.

ఏడాదిన్నర తర్వాత పుస్తకం వచ్చింది. ఎవరో స్టూడియోకు తెచ్చి చూపించారు. అట్ట మీద ఒక్కటే పేరు. లోపల వెతికాడు ఈశ్వరాచారి. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు. కృతజ్ఞతల్లో ఎద్దులబండి ఇచ్చిన ఆసామి పేరుంది. ముంజలు కొట్టి ఇచ్చినవాడి పేరు కూడా ఉంది. ముందుమాటలో ఇలా ఉంది: "తేనెటీగల దాడిని లెక్కచేయక, మండుటెండలో, నా కెమెరాతో నేనే ఈ ఛాయాచిత్రాలు తీశాను. నా చేతి ఆరడుగుల కొలకర్రతో ప్రతి స్తంభాన్నీ కొలిచాను."

ఈశ్వరాచారి చొక్కా మార్చుకుని, నన్ను కూడా పట్టుకుని అతనింటికి వెళ్ళాడు. నన్నెందుకు తీసుకెళ్ళాడో అతనికే తెలియదనుకుంటాను. కొట్టడానికైతే కాదు, అతనికి ఆ విద్య రాదు. జయదేవరావు వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. లేవలేదు.

"సార్, నా పేరు పడలేదు" అన్నాడు ఈశ్వరాచారి. అంతకంటే ఎక్కువ మాటలు అతని దగ్గర లేవు.

"మీట నొక్కింది నువ్వే కావచ్చు చారీ. చూసింది నేను. ఆలోచించింది నేను." కాఫీ గ్లాసు కింద పెట్టి, నచ్చజెప్పే గొంతుతో అన్నాడు. "ఆ గుడి మాత్రం ఎవరు కట్టారు? మీవాళ్ళే కట్టారు. పేరెవరిది? రాజుది. అప్పటినుంచీ అంతేగా, ఇవాళ కొత్తగా బాధపడితే ఎలా?"

ఈశ్వరాచారి వెనక్కి తిరిగాడు. గేటు దాకా నా మీద బరువు వేసి నడిచాడు. ఆ బరువు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ రోజే నేను పగబట్టాను. కర్రకు చెయ్యెత్తే శక్తి లేదు, ఎవరో పట్టుకుని ఎత్తాలి. కానీ ఓపిక విషయంలో మనుషులు మా కాలిగోటికి సరిపోరు.

ఆ రాత చదవడానికి మొదట అతనికి మనసు రాలేదు. కూతురు కళావతి చదివింది. అప్పుడామెకు ఇరవై ఏళ్ళు, స్టూడియో చీకటిగదిలో కడుగుడు పనంతా ఆమెదే. కోపంతో ఒక్కో పేజీ చదువుతుంటే అతను గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. స్తంభం ఎత్తు తొమ్మిది అడుగులు, అని ఒకచోట చదివింది. అతని తల ఇటు తిరిగింది.

"మళ్ళ సదువు."

"స్తంభం తొమ్మిదడుగులు. మండపం వెడల్పు ముప్పై ఆరడుగులు. ద్వారం నాలుగున్నర. తొమ్మిది, తొమ్మిదికి నాలుగింతలు, తొమ్మిదిలో సగం. కాకతీయ శిల్పులు తొమ్మిది అంకె మీద గుడి కట్టారనేదే నేను కనుగొన్న నవాంక సూత్రం, అని రాసిండు బాపూ."

ఈశ్వరాచారి నోట్‌బుక్ తీశాడు. అతను టేపు పెట్టి కొలిచి రాసుకున్నవి అందులో ఉన్నాయి. స్తంభం ఎనిమిదిన్నర అడుగులు. మండపం ముప్పై నాలుగు. ద్వారం నాలుగడుగుల మూడంగుళాలు. తొమ్మిదీ లేదు, దాని తాతా లేడు. జయదేవరావు బొమ్మల్లో నా పట్టీలు లెక్కబెట్టాడు. ఆరు. ఆరు పట్టీలంటే ఆరడుగులేనని, నేను ఎంత ఉన్నానో అడక్కుండా, ప్రతిదాన్నీ నాతో పోల్చి లెక్కగట్టాడు. దాంతో గుడిలోని ప్రతి పదిహేడు అంగుళాలూ పద్దెనిమిది అయ్యాయి. తను విరగ్గొట్టిన కాలును తనే మరిచిపోయాడు. తేనెటీగలు గుర్తున్నాయి, కర్ర గుర్తు లేదు.

ఈశ్వరాచారి నవ్వాడు. పుస్తకం వచ్చాక అతను నవ్వడం అదే మొదలు. అది మంచి నవ్వు కాదు, కళావతి భయపడి పుస్తకం మూసేసింది.

"ఉత్తరం రాద్దామా బాపూ, తప్పని?"

"రాస్తే దిద్దుకుంటడు బిడ్డా. వచ్చే ముద్రణల సక్కగ జేసుకొని, ఇంకింత పెద్దోడయితడు. ఊకో. ఎక్కనియ్. ఎంత మీదికెక్కితే అంత మంచిది."

రాతికి పొరపాటున కాలు తగిలినా దండం పెట్టుకునే మనిషి అన్న మాట అది. నేను మూలన నిలబడి విన్నాను. నాకెంత సంతోషమైందంటే, నాకు చేతులుంటే అతని చేతులు పట్టుకునేదాన్ని.

అయితే పగకు తిండి కావాలి. అది అతన్నే తింది. ఆదివారాలు గుళ్ళకు పోవడం మానేశాడు. బీరువా అద్దం బీరువాకే ఉండిపోయింది. ఇప్పుడు రాజమణి, "ఓ సారి పోయి రారాదయ్యా, నేను అద్దం ఇప్పిస్త" అని తనే అడిగేది. అతను విననట్టు ఉండేవాడు. ఆరేళ్ళకు ఒక వానాకాలం జ్వరం పట్టి మంచం దిగలేదు. పోయేముందు కూతుర్ని పిలిచి చెప్పింది రెండే మాటలు. "నీళ్ళు ఎన్నడో ఒకనాడు తగ్గుతయ్. కర్ర పారెయ్యకు."

మరి జయదేవరావో? ఎక్కుతూనే ఉన్నాడు. నవాంక సూత్రం మీద సభలు జరిగాయి. శిష్యులు చిలవలు పలవలు చేర్చి నవగ్రహాలకూ, నవరసాలకూ, తొమ్మిది నెలల గర్భానికీ ముడిపెట్టారు. వేరే గుళ్ళను కొలిస్తే తొమ్మిది రాలేదు. ఆ శిల్పులు పొరపాటు చేశారని తేల్చారు. ఒక భక్తుడు కొత్తిల్లు కట్టుకుంటూ గుమ్మాలన్నీ నాలుగున్నర అడుగుల వెడల్పు పెట్టించాడట, తలుపులు మూయడానికి ఇద్దరు కావాలట. ముక్కంటి గుడి నీళ్ళ కింద ఉంది. కొలిచి చూద్దామన్నా ఎవరి తరం కాదు. అబద్ధానికి అంత పెద్ద కాపలా మరొకటి దొరకదు.

పుస్తకం వచ్చిన పదిహేనో ఏట వరసగా రెండు కరువులు వచ్చాయి. ప్రాజెక్టు ఎండింది. ముందు శిఖరం కనబడింది, తర్వాత కప్పు, వైశాఖం నాటికి మండపం మొత్తం. పత్రికలవాళ్ళు పరిగెత్తారు. జయదేవరావుకు అప్పటికి డెబ్భై దగ్గర పడ్డాయి. పదిహేనేళ్ళ తన కీర్తి బురదలోంచి లేచి నిలబడితే చూడకుండా ఉంటాడా? శిష్యులతో, విలేకరులతో, ప్రాజెక్టు ఇంజనీరుతో సహా బయలుదేరాడు. కళావతి కెమెరా మెడలో వేసుకుని, పుస్తకం సంచిలో పెట్టుకుని, నన్ను పట్టుకుని బస్సెక్కింది.

పొద్దున తొమ్మిది గంటలు. స్తంభాలకు బురద చారలు, మెట్ల మీద ఎండిన నాచు, అక్కడక్కడ చచ్చిన చేపలు. అయినా గుడి చెక్కు చెదరలేదు. ఆ స్తంభాలను చూడగానే కళావతి ఏడ్చింది. ఎవరూ గమనించలేదు, అందరూ జయదేవరావు చుట్టూ ఉన్నారు. అతని కళ్ళు నా మీద పడ్డాయి.

"ఓహో! అచ్చం నా కొలకర్ర లాగే ఉందే! ఎవరమ్మా నువ్వు?"

"ఫోటోగ్రాఫర్ని సార్. మీరు అట్ల స్తంభం పక్కన కర్ర పట్టుకుని నిలబడితే, పుస్తకంల ఉన్నట్టే ఒక బొమ్మ తీస్త."

మనుషుల జబ్బు గురించి ముందే చెప్పాను. వెంటనే వచ్చి నిలబడ్డాడు. పదిహేడేళ్ళ తర్వాత అతని చెయ్యి మళ్ళీ నా నడుమును పట్టుకుంది. అరచేయి మెత్తగా ఉంది. నవ్వు వెడల్పుగా ఉంది. కళావతి తొందరపడలేదు. దారం తీసి, సీసపు గుండు వేలాడదీసి, "కొద్దిగ ఎడమకు సార్" అంటూ నన్ను నిటారుగా నిలబెట్టి, అప్పుడు నొక్కింది.

ఒక విలేకరి అడిగాడు. "సార్, ఎట్లాగూ వచ్చాం కదా, నవాంకాన్ని టేపు పెట్టి ఒకసారి చూపించండి. బొమ్మ బాగుంటుంది."

"తప్పకుండా!" అని ఇంజనీరుకు సైగ చేశాడు జయదేవరావు. ఇంజనీరు ఇనుప టేపు పైకి లాగి, కింద మోకాలి మీద కూర్చుని చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఎనిమిదిన్నర సార్."

"కింద ఒండ్రు పట్టి ఉంటుంది. తీయించండి."

పారతో ఒండ్రు తీశారు. ఒండ్రు రాతి పీఠాన్నే కప్పింది, స్తంభం మొదలును తాకలేదు. మళ్ళీ కొలిచారు, ఎనిమిదిన్నరే. పక్క స్తంభం కొలిచారు. మండపం కొలిచారు, ముప్పై నాలుగు. ద్వారం కొలిచారు, నాలుగడుగుల మూడంగుళాలు. ఇంజనీరుకు ఎవరి మీదా కోపం లేదు, కూరగాయల ధర చెబుతున్నట్టు ఒక్కో అంకె బిగ్గరగా చెప్పుకుంటూ పోయాడు. విలేకరులు రాసుకున్నారు. శిష్యులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. జయదేవరావు మెట్టు దిగి బురదలోకి వచ్చాడు, చెప్పులు కూరుకుపోయాయి.

"రాయి... నీళ్ళలో రాయి కుంగుతుంది" అన్నాడు.

"అన్నీ ఒక్కతీరుగనా సార్? వెడల్పు గూడనా?" అన్నాడు ఇంజనీరు.

అప్పుడు కళావతి వచ్చి నన్ను ఇంజనీరు చేతిలో పెట్టింది. "దీన్ని గూడ కొలువుండ్రి."

"ఐదడుగుల ఎనిమిది" అన్నాడు ఇంజనీరు.

ఆమె పుస్తకం తెరిచింది. నాలుగో పట్టీలో నల్లని ముడి. నన్ను తిప్పి చూపించింది, అదే పట్టీ, అదే ముడి. ఇంకో బొమ్మ, ఇంకో బొమ్మ. విలేకరులు మూగారు. ముందుమాట పేజీ తీసి, "నా చేతి ఆరడుగుల కొలకర్రతో" అన్నచోట వేలు పెట్టింది.

"ఈ కర్ర మీదేనా సార్?"

నాకా క్షణం ఎంత తీయగా ఉందో చెప్పలేను. అతనికి రెండే దారులు. కర్ర నాదే అంటే, తన చేతి కర్ర పొడవు తనకే తెలియని మూర్ఖుడు. నాది కాదంటే దొంగ. పదిహేనేళ్ళు ఎదురుచూసింది ఈ రెంటి మధ్య అతను ఊగడం చూడటానికే. పెదవులు తడుపుకున్నాడు. శిష్యుల వైపు చూశాడు. పండితుడికి మూర్ఖుడనిపించుకోవడం కంటే మరేదైనా నయమే.

"నాది కాదు!" అని అరిచాడు. "నాకేం తెలుసు! ఆ చారిది! ఆ చారే తెచ్చాడు, వాడే నిలబెట్టాడు! ఫోటోలు తీసిందంతా వాడే, పొట్టి కర్ర పెట్టి నన్ను మోసం చేశాడు! నేనసలు కెమెరా ముట్టుకుంటేగా!"

 అతను అన్న మాట అతని చెవికి అప్పుడే చేరినట్టుంది. 

కళావతి గొంతు పెంచలేదు. "ఏ చారి సార్? పూర్తి పేరు చెప్పుండ్రి. వీళ్ళు రాసుకుంటరు."

విలేకరుల కలాలు ఆగి ఉన్నాయి. అతని నుదుటి మీద చెమట కారి కనుబొమల్లో నిలిచింది.

"కట్టోజు ఈశ్వరాచారి" అన్నాడు.

ఆ నోటితోనే, ఆ గుడి ముందరే. నేను మొత్తం విన్నాను. జాలి వేయలేదా అని అడిగేవాళ్ళుంటారు. వేయలేదు. ముసలాయన కదా అంటారు. ఈశ్వరాచారిని ముసలివాడు కానివ్వలేదు కదా ఆయన.

పత్రికల్లో వచ్చింది. శాలువాలు కప్పినవాళ్ళు, తమకు ముందునుంచే అనుమానమని చెప్పుకున్నారు. నవాంక సూత్రాన్ని నమ్మినవాళ్ళలో చాలామంది, తాము ఎన్నడూ నమ్మలేదని జ్ఞాపకం తెచ్చుకున్నారు. ఒక మ్యూజియంవాళ్ళు నన్ను ఇమ్మని అడిగారు. అద్దాలపెట్టెలో పడుకోబెడతామన్నారట. కళావతి ఇవ్వనంది. అడ్డంగా పడుకుని బతికే రకాన్ని కాను నేను. ఆదివారాలు నాకు ఇంకా పని ఉంది, ఆమె వెంట బస్సెక్కుతున్నాను.

రెండు నెలలకు పుస్తకం వేసిన ప్రచురణకర్త స్టూడియోకు వచ్చాడు. అప్పటికి వానలు పడి గుడి మళ్ళీ నీళ్ళలోకి పోయింది. భయపడ్డాడో, సిగ్గుపడ్డాడో, చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు. నెగటివులు తిరిగి ఇచ్చేశాడు. కొత్త ముద్రణ వేస్తామనీ, అట్ట మీద ఈశ్వరాచారి పేరొక్కటే ఉంటుందనీ, నోట్‌బుక్‌లోని కొలతలే వేస్తామనీ, జయదేవరావు రాసినదంతా, ముందుమాటతో సహా, ఒక్క అక్షరం మిగలకుండా తీసేస్తామనీ చెప్పాడు. కళావతి ఒప్పుకుంది. నాకూ సబబుగానే తోచింది.

రాజమణి లోపలి నుంచి వచ్చి గడప దగ్గర నిలబడింది. ఆమెకు చదువు రాదు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెకు ఆ ముందుమాట చదివి వినిపించలేదు. వినిపించే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

"ఏం రాసిండో ఓపాలి సదువు బిడ్డా."

కళావతి చదివింది. తేనెటీగల దాడిని లెక్కచేయక. మండుటెండలో. నా కెమెరాతో నేనే. నా చేతి ఆరడుగుల కొలకర్రతో. రాజమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చివరి అక్షరం దాకా కదలకుండా విన్నది. తర్వాత ప్రచురణకర్త వైపు తిరిగింది.

"తియ్యకు అయ్యా. ఒక్క ముక్క గూడ తియ్యకు. ఆయన పేరు, సంతకం, అన్నీ ఉన్నయి ఉన్నట్టే ఎయ్యి. దాని కిందనే మా ఆయన పేరు ఎయ్యి. రెండు ఒక్కతానే ఉండాలె."

"ఎందుకమ్మా, ఆయనకు సిగ్గుచేటు కదా?" అన్నాడు ప్రచురణకర్త.

"అందుకే" అన్నది రాజమణి.

అలాగే అచ్చయింది.